పేగుల్లో బ్యాక్టీరియా, చైనా కషాయం, డిప్రెషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

"డిప్రెషన్ మనసులో కాదు, పేగుల్లో ఉంది. చైనావాళ్ల కషాయం నెల తాగితే మాయం" అంటూ ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. పూర్తిగా అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. సగం నిజం ఉండటంతోనే వచ్చింది చిక్కంతా. ఆ మెసేజ్ చూసి నన్ను అడిగినవాళ్ల ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందే చెప్పేస్తున్నాను, నేను ఫార్మసీ చదివినవాణ్ణి, సైకియాట్రిస్టును కాను.

కడుపుకీ మనసుకీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. మన భాషకి అది ఎప్పుడో తెలుసు. బిడ్డ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అన్యాయం చూస్తే కడుపు మండుతుంది, పరీక్ష రోజు పొద్దున బాత్రూమ్ చుట్టూ తిరుగుతాం. చైనా భాషలోనూ పట్టరాని దుఃఖాన్ని 'పేగులు తెగడం' అంటారు.

ఇక సైన్సు సంగతి. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని, మన సొంత కణాలు 30 లక్షల కోట్ల దాకా ఉంటాయని 2016లో ఒక లెక్క వచ్చింది. ఆ బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే కాపురం. మెదడు నుంచి కడుపు దాకా దిగే వేగస్ నాడి, రోగనిరోధక వ్యవస్థ, హార్మోన్లు, బ్యాక్టీరియా తయారు చేసే రసాయనాలు, ఈ నాలుగు దారుల్లో కడుపుకీ మెదడుకీ కబుర్లు నడుస్తుంటాయి.

2004లో జపాన్‌లోని క్యూషూ యూనివర్సిటీవాళ్లు బ్యాక్టీరియా అన్నదే లేకుండా పెంచిన ఎలుకల్ని కదలనివ్వకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకలకన్నా వాటిలో ఒత్తిడి హార్మోన్లు బాగా ఎక్కువగా పెరిగాయి. ఒక రకం బిఫిడోబ్యాక్టీరియా ఎక్కించాక ఆ తేడా తగ్గింది. 2011లో ఐర్లాండ్‌లోని కార్క్ శాస్త్రవేత్తలు కెనడావాళ్లతో కలిసి ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని ఎలుకలకు పెడితే వాటిలో భయం, దిగులు లక్షణాలు తగ్గాయి. అదే వేగస్ నాడిని కోసేసి పెడితే ఏ ఫలితమూ కనిపించలేదు. పేగుల నుంచి మెదడుకు ఒక తీగ ఉందని ఇంతకన్నా సూటిగా చూపించడం కష్టం.

సెరటోనిన్ 90 శాతం పేగుల్లోనే తయారవుతుందట కదా? అంటే పేగులు బాగుచేస్తే చాలుగా?

సెరటోనిన్ అంటే మూడ్, నిద్ర, ఆకలి లాంటివాటిలో చెయ్యి ఉన్న రసాయనం. మొదటి మాట నిజమే. రెండోది దాన్నుంచి రాదు. పేగుల్లో తయారైన సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి పోలేదు, మధ్యలో అడ్డుగోడ ఉంటుంది. మెదడు తనకు కావలసింది, తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి తనే చేసుకుంటుంది. ఆ ట్రిప్టోఫాన్ ఎటు ఖర్చవుతుందన్న దాంట్లో బ్యాక్టీరియా చెయ్యి ఉంది కాబట్టి సంబంధం లేదనలేం. కానీ సప్లిమెంట్ల అట్టల మీద ఈ 90 శాతం అంకె కనబడితే మాత్రం పర్సు జేబులోనే ఉంచండి.

డిప్రెషన్ ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉంటుందా?

2019లో బెల్జియంలో వెయ్యిమందికి పైగా మనుషుల మలం నమూనాలు పరీక్షిస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు జాతులు తక్కువగా కనిపించాయి. వాళ్లు వాడుతున్న డిప్రెషన్ మందుల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా నిలబడింది.

చైనాలోని చోంగ్‌చింగ్‌లో 2016లో ఇంకో అడుగు ముందుకేశారు. డిప్రెషన్ ఉన్న మనుషుల మలంలోని బ్యాక్టీరియాను సూక్ష్మజీవులు లేని ఎలుకల్లోకి ఎక్కించారు. ఆ ఎలుకలు డిప్రెషన్ లాంటి ప్రవర్తన చూపించాయి. ఆరోగ్యవంతుల బ్యాక్టీరియా ఎక్కించినవి అలా చేయలేదు. అదే ఏడాది కార్క్‌లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

అయితే డిప్రెషన్‌లో ఉన్న మనిషి సరిగ్గా తినడు, నిద్రపోడు, కదలడు. వీటితోనే బ్యాక్టీరియా మారిపోతుంది. 2018లో వెయ్యికి పైగా మందుల్ని పరీక్షిస్తే, యాంటీబయోటిక్స్ కాని మందుల్లో కూడా దాదాపు నాలుగో వంతు ఏదో ఒక పేగు బ్యాక్టీరియాను ఎదగనివ్వలేదు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్న తగువు మనుషుల విషయంలో ఇంకా తెగలేదు.

చైనా సంప్రదాయ వైద్యంలో డిప్రెషన్ అనే జబ్బు ఉందా?

ఆ పేరుతో లేదు. 'యు' అనే మాట ఉంది. కూడుకుపోవడం, పారాల్సింది పారకుండా నిలిచిపోవడం అని అర్థం. ఒంట్లో తిరగాల్సిన 'చి' అనే ప్రాణశక్తి కాలేయం దగ్గర బిగుసుకుపోతే మనిషి నిట్టూరుస్తాడు, డొక్కల్లో పట్టేసినట్టుంటుంది, చికాకు పడతాడు, అన్నం సయించదు అని వాళ్ల లెక్క. ఇక్కడ కాలేయం అంటే మనం స్కాన్‌లో చూసే అవయవం కాదు, కొన్ని పనుల కట్టకు పెట్టిన పేరు. అలాగే వాళ్లు ప్లీహం అన్నప్పుడు అరుగుదల అని చదువుకోవాలి. అతిగా ఆలోచిస్తే ప్లీహం దెబ్బతింటుందనేది వాళ్ల పాత సూత్రం. టెన్షన్ పడితే తిన్నది అరగదని మన ఇళ్లలో అనే మాటకి ఇది దూరమేమీ కాదు.

14వ శతాబ్దంలో జూ దాన్‌షీ అనే వైద్యుడు ఈ నిలిచిపోవడాల్ని ఆరు రకాలుగా చెప్పాడు: చి, రక్తం, కఫం, వేడి, తేమ, తిన్న తిండి. దిగులు జబ్బుల పట్టికలో అరగని తిండికి కూడా చోటిచ్చాడు చూడండి, నాకు చాలా నచ్చే విషయం అది. కానీ ఆయనకు బ్యాక్టీరియా సంగతి అప్పుడే తెలుసని పోస్టులు పెడుతున్నారు. తెలియదు. ఆయన రోగుల్ని జాగ్రత్తగా గమనించాడు, అంతే. అంతవరకు గొప్పే.

ఇంకో సంగతి. 1980లో అమెరికా సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హునాన్‌లో నరాల బలహీనత అని పేరు పెట్టిన 100 మంది రోగుల్ని చూశాడు. ఆధునిక కొలతల ప్రకారం వాళ్లలో 87 మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉంది. వాళ్లు చెప్పుకున్నవి మాత్రం తలనొప్పి, నిద్ర లేకపోవడం, నీరసం. మన ఊళ్లలోనూ "మనసు బాలేదు" అని డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఎంతమంది? గ్యాస్, గుండెదడ, కాళ్లు లాగడం అనే వెళ్తారు.

డిప్రెషన్‌కి వాళ్లు ఇచ్చే మందులేమిటి?

బాగా పేరున్నది షియావ్‌యావ్ సాన్. ఏ దిగులూ లేకుండా హాయిగా తిరగనిచ్చే పొడి అని ఆ పేరుకు అర్థం. సోంగ్ రాజుల కాలపు ప్రభుత్వ ఔషధ గ్రంథంలోనే ఉంది. చాయ్‌హు వేరు, దాంగ్‌గ్వే వేరు, బాయ్‌షావ్ అనే తెల్ల పియోనీ వేరు, బాయ్‌జూ, పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే ఫూలింగ్ అనే శిలీంధ్రం, అతిమధురం, వీటికి తోడు కాస్త పుదీనా, అల్లం.

జూ దాన్‌షీ చెప్పిన యుయెజ్యు మాత్రలో అయిదు సరుకులు. వాటిలో షియాంగ్‌ఫూ మన తుంగముస్తలే. షెన్‌చ్యూ అనేది గోధుమపిండిలో మూలికల రసాలు కలిపి పులియబెట్టి ఎండబెట్టినది, అంటే సూక్ష్మజీవులు చేసిపెట్టిన మందు. అరగని తిండి కోసం దాన్ని కలిపారు.

ఇంకా పాతది గోధుమలు, అతిమధురం, చైనా రేగుపళ్లు కలిపిన కషాయం. ఊరికే ఏడ్చేవాళ్లకి, ఆవులించేవాళ్లకి ఇమ్మని దాదాపు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పాడు. వినడానికి మందులా లేదు, సంక్రాంతి పిండివంటలా ఉంది.

ఒకే డిప్రెషన్‌కి ఒకే మందు అనే పద్ధతి వాళ్లది కాదు. నాలుక, నాడి చూసి మనిషికో కూర్పు మారుస్తారు. పరిశోధన చేసేవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి.

ఈ మందులకీ బ్యాక్టీరియాకీ ఏమిటి సంబంధం?

అసలు కథ ఇక్కడుంది. నన్ను ఈ విషయంలోకి లాగింది కూడా ఇదే.

మొక్కల మందుల్లో చాలా పదార్థాలు చక్కెర గొలుసులు తగిలించుకుని ఉంటాయి. పెద్ద అణువులు, పేగు గోడ దాటి రక్తంలోకి తొందరగా పోవు. మింగిన మందులో రక్తంలో కనిపించేది ఇంతే ఉంటే మెదడు మీద ఎలా పనిచేస్తుందని చాలాకాలం అందరికీ అనుమానం. జవాబు పెద్దపేగులో దొరికింది. అక్కడి బ్యాక్టీరియా ఆ చక్కెరల్ని తెంపుకుని తింటుంది, మిగిలిన చిన్న ముక్క రక్తంలోకి వెళ్తుంది. మనం మింగేది ముడిసరుకు, మందు తయారయ్యేది లోపల.

జిన్సెంగ్ వేరులోని జిన్సెనోసైడ్ ఆర్‌బీ1ను బ్యాక్టీరియా విరగ్గొట్టి కాంపౌండ్ కె అనే పదార్థం చేస్తుంది, ఒంటికి ఎక్కేది అది. అతిమధురంలోని గ్లిసిరైజిన్ కూడా ఇలాగే మారాకే రక్తంలోకి చేరుతుంది. చైనావాళ్ల హువాంగ్‌లియాన్‌లోనూ మన మానుపసుపులోనూ ఉండే బెర్బెరిన్‌ది ఇంకా తమాషా కథ. బ్యాక్టీరియా దాన్ని వేరే రూపంలోకి మారుస్తుంది, ఆ రూపంలో పేగు గోడ దాటుతుంది, దాటగానే మళ్లీ బెర్బెరిన్ అయిపోతుంది. వేషం మార్చి గేటు దాటినట్టు.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ కావాలంటే సునాముఖి. రాత్రి మింగితే పొద్దుటికి గానీ విరేచనం కాదు. ఎందుకంటే అది పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో పడి, అప్పుడు గానీ విరేచనకారిగా మారదు.

రెండో వైపు కూడా ఉంది. ఫూలింగ్ లాంటివాటిలోని జీర్ణం కాని పిండిపదార్థాలు బ్యాక్టీరియాకి మేత. అవి తిని బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు వదులుతాయి. పేగు గోడ కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఆహారం. గోడ గట్టిగా ఉంటే వాపు కలిగించే పదార్థాలు రక్తంలోకి కారడం తగ్గుతుంది. డిప్రెషన్ ఉన్న కొందరిలో ఇలాంటి వాపు గుర్తులు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఈ దారి మీద పరిశోధకుల చూపు పడింది. ఎలుకల్లో షియావ్‌యావ్ సాన్ లాంటి కూర్పులు పెట్టి బ్యాక్టీరియా జాతుల లెక్క మారిందని చూపించే పేపర్లు చైనా నుంచి చాలానే వస్తున్నాయి.

దీన్నుంచి తేలే ఒక చిక్కు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకే కషాయం ఇద్దరు తాగితే ఇద్దరి పేగుల్లో బ్యాక్టీరియా వేరు కాబట్టి ఇద్దరికీ తయారయ్యే మందు మోతాదు వేరు. పోయిన వారం యాంటీబయోటిక్ కోర్సు వాడినవాళ్లకి అసలు తయారే కాకపోవచ్చు. "మా పక్కింటావిడకి పనిచేసింది" అన్న మాటకి మిగతా మందుల్లోకన్నా ఇక్కడ విలువ ఇంకా తక్కువ.

ఎలుకకి డిప్రెషన్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న. కొన్ని వారాలపాటు దాన్ని సతాయిస్తారు: బోను వంచుతారు, పరుపు తడుపుతారు, రాత్రంతా లైటు వేస్తారు, తిండి ఆపుతారు. ఆ తర్వాత తియ్యటి నీళ్లు, మామూలు నీళ్లు పక్కపక్కన పెడితే, తీపి మీద మోజు పోయిన ఎలుకను డిప్రెషన్‌లో ఉన్నట్టు లెక్కేస్తారు. నీళ్లలో వేస్తే ఎంతసేపు ఈదకుండా తేలుతూ ఊరుకుంటుందో కూడా కొలుస్తారు.

ఇల్లు గడవక, పెళ్లి చెడి, తండ్రి పోయి కుంగిపోయిన మనిషికి ఇది ఎంత దగ్గర? కొంచెమే. ముందు చెప్పిన కార్క్ వాళ్ల లాక్టోబాసిల్లస్‌నే తర్వాత 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఇచ్చి చూశారు. ఒత్తిడి మీద ఉత్తుత్తి మందుకన్నా ఏమీ ఎక్కువ చేయలేదు. ఎలుకల్లో అద్భుతం, మనుషుల్లో సున్నా. ఆ సున్నాను దాచకుండా అచ్చువేసినందుకు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

మరి మనుషుల్లో రుజువు ఎంత?

షియావ్‌యావ్ సాన్ మీద చైనాలో చాలా ట్రయల్స్ జరిగాయి. కలిపి చూస్తే డిప్రెషన్ మాత్రలతో పాటు వాడినవాళ్లకి కొంత మేలు కనిపిస్తుంది. కానీ చాలావాటిలో మనుషులు తక్కువ, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో దాచలేదు, కషాయం వాసనకి సరిపోయే ఉత్తుత్తి కషాయం లేదు. నమ్మాలనుంది, కానీ పూర్తిగా నమ్మలేను.

ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం ఆక్యుపంక్చర్ మీద 2018లో, వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 64 అధ్యయనాలు కలిపి చూసింది. ఏ చికిత్సా లేకపోవడంతో పోలిస్తే డిప్రెషన్ ఒక మోస్తరుగా తగ్గవచ్చంది, రుజువు నాణ్యత తక్కువని కూడా చెప్పింది.

బ్యాక్టీరియా వైపు చూస్తే, 2023లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు డిప్రెషన్ మాత్రలతో జబ్బు పూర్తిగా తగ్గని 49 మందికి ఎనిమిది వారాలు ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మందు) లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. ప్రొబయోటిక్ వాడినవాళ్లకి కాస్త ఎక్కువ మేలైంది. అది చిన్న ప్రయోగం, పెద్దది చేయాలా వద్దా తేల్చుకోవడానికి చేసినది. పైగా మాత్రలు మానేసి కాదు, మాత్రలతో పాటు.

చైనాలో పూర్వం మలాన్నే మందుగా ఇచ్చేవారట, నిజమా?

నిజమే. 4వ శతాబ్దంలో గ హోంగ్ అనే వైద్యుడు తీవ్రమైన విరేచనాలకు, విషాహారానికి ఆరోగ్యవంతుల మలాన్ని నీళ్లలో కలిపి తాగించమని రాశాడు. తర్వాత దాన్ని మర్యాదగా 'పసుపు సూప్' అన్నారు. మలేరియాకి ఆర్టెమిసినిన్ కనిపెట్టి 2015లో నోబెల్ అందుకున్న తూ యోయోకి దారి చూపించింది కూడా గ హోంగ్ పుస్తకమే. ఇప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే ఒక పేగు ఇన్ఫెక్షన్‌కి మలమార్పిడి చికిత్సకు అమెరికా 2022లో అనుమతిచ్చింది. డిప్రెషన్‌కి ఆ అనుమతి లేదు. ఇంట్లో మిక్సీతో ప్రయోగాలు చేయకండి, నవ్వులాటకి అనడం లేదు, చేసినవాళ్లున్నారు.

సైకియాట్రిస్టు ఇచ్చిన మాత్రలు ఆపేసి కషాయం మొదలుపెట్టొచ్చా?

వద్దు. మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం మొదలై, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. కలిపి వాడాలన్నా డాక్టరుకి చెప్పే వాడాలి. చైనాలో అనుమతి ఉన్న షూగాన్ జియెయూ అనే క్యాప్సూల్‌లో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క ఉంది. మామూలు డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సెరటోనిన్ హద్దు దాటి వణుకు, జ్వరం, అయోమయం దాకా పోవచ్చు. గర్భనిరోధక మాత్రల్ని, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల మందుల్ని, హెచ్‌ఐవీ మందుల్ని కూడా అది పనిచేయనివ్వదు. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరిగి, పొటాషియం పడిపోతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు అడక్కుండా జిన్సెంగ్ ముట్టుకోకూడదు.

మూలికలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి?

ఈ ప్రశ్నకి నా జవాబు బ్రసెల్స్. 1990ల మొదట్లో అక్కడ ఒక సన్నబడే క్లినిక్‌లో చైనా మూలిక ఒకదాని బదులు, దాదాపు అదే పేరున్న ఇంకో మూలిక కలిసిపోయింది. రెండోదాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరవేరు కూడా ఆ కుటుంబానిదే, కాబట్టి ఇది ఒక్క చైనా గొడవే కాదు. జుట్టు నల్లబడుతుందని అమ్మే హ షోవూ వేరు కాలేయాన్ని దెబ్బతీసిన కేసులున్నాయి. మనసు నెమ్మదించడానికి ఇచ్చే కొన్ని పాత మాత్రల్లో ఇంగిలీకం ఉంటుంది, అంటే పాదరసం ఉన్న ఖనిజం.

మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కణ్ణుంచి మాత్రలు పంపిస్తానంటున్నాడు.

ప్రేమతో పంపిస్తున్నాడు, కాదనను. కానీ నాలుక, నాడి చూడకుండా డబ్బా పంపడం ఆ వైద్యం లెక్కలో కూడా తప్పే. డబ్బా మీద ఏముందో మీరు చదవలేరు, మీ డాక్టరూ చదవలేడు. సింగపూర్‌లో ఉన్న మనవాళ్ల సంగతి వేరు, అక్కడ చైనా వైద్యులు చట్టం ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. వెళ్లేముందు ఆ పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోండి.

పెరుగు, మజ్జిగ, చద్దన్నం తింటే సరిపోదా?

తినండి, మంచివే. అయితే ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోవీ ట్రయల్స్‌లో వాడినవీ ఒకే రకం బ్యాక్టీరియా అనుకోకండి. తిండి మొత్తం మార్చడం మీద రుజువు కాస్త మెరుగు. 2017లో ఆస్ట్రేలియాలో 67 మందితో 12 వారాలు చేసిన ప్రయోగంలో కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె తిన్నవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, ఊరికే కబుర్లు చెప్పుకోవడానికి కలిసినవాళ్లలో 8 శాతం. పప్పు, ఆకుకూర, జొన్నరొట్టె మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు, తగ్గించుకున్నది తిరిగి పెంచుకోవడమే.

ఎప్పుడు ఇవన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి?

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఇష్టమైనవేవీ ఇష్టంగా లేకపోయినా. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, అదే రోజు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, పగలూ రాత్రీ, ఉచితం. మనిషిని ఒంటరిగా వదలకండి.

మా పొలం గట్టు నిండా తుంగే. ముస్తలు తవ్వి కషాయం కాచుకోవచ్చా?

ఈ ప్రశ్న అడిగినాయన నిజామాబాద్ వైపు రైతు, సగం నవ్వుతూనే అడిగాడు. చైనాలో వాటిని చాలాసార్లు వెనిగర్‌లో వేయించి, ఇంకో నాలుగు సరుకులతో కలిపి, మనిషిని చూసి ఇస్తారు. ఒట్టి ముస్తల కషాయంతో డిప్రెషన్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పైగా గట్టు మీద గడ్డిమందు ఎన్నిసార్లు కొట్టారో ఆయనకే తెలుసు. అదే అడిగితే, "ఈ ఏడు మూడుసార్లు కొట్టినం సార్, అయినా చావలే" అన్నాడు.